బరువులెత్తవద్దని రాసిచ్చిన చీటీ

దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి మేడ్చల్‌లో రేకుల గదిలో కిరాయికి ఉంటున్న ఒకామె, ఒక సాయంత్రం బడి వదిలే వేళకు వచ్చింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి చదివి చెప్పమంది. ఆమె స్లాబు పనికి పోతుంది. చదువు రాదు. మాలో నాలుగు అక్షరాలు నేర్చినవాళ్ళకు ఇది అలవాటైన పనే. బ్యాంకు కాగితం, కరెంటు బిల్లు, ఆసుపత్రి చీటీ అన్నీ బడి దగ్గరికే వస్తాయి.

చీటీలో రెండు రకాల గోలీలు, ఒక మలాము, నడుముకు కట్టుకునే బెల్టు రాసి ఉన్నాయి. కింద మూడు మాటలు ఉన్నాయి. బరువులు ఎత్తవద్దు. వంగి పని చేయవద్దు. మూడు వారాలు పడక విశ్రాంతి.

చదివి వినిపించాం. ఆమె కాసేపు ఆగి అడిగింది: "మరి ఏం పని జెయ్యాల్నో గది గూడ రాసిండా సారూ?"

రాయలేదు. వైద్యం పుస్తకంలో నడుం నొప్పి వచ్చిన మనిషికి ఒక కుర్చీ ఉంటుంది, ఒక మంచం ఉంటుంది, పని మానినా ఆగని నెల జీతం ఉంటుంది. ఆ మనిషికి చెప్పాల్సిన మాటల్నే మా మనిషికీ రాసిచ్చారు. బరువు ఎత్తకపోతే ఆమెకు ఆ రోజు కూలి లేదు. వంగకపోతే ఇంట్లో పొయ్యి కూడా వెలగదు. మూడు వారాలు పడుకుంటే గది కిరాయి ఎవరు కడతారు?

ఈ వ్యాసం ఒక డాక్టరు మీద కోపంతో రాస్తున్నది కాదు. మా కొట్లాట ఒక పేరు మీద. మా నడుం నొప్పిని అందరూ జబ్బు అంటున్నారు. వయసు మీద పడిందంటున్నారు, ఆడవాళ్ళయితే ఆడవాళ్ళ బాధ అంటున్నారు, ఇంకేమీ తోచకపోతే ఖర్మ అంటున్నారు. అది పని చేసిన గాయం. కాలు విరిగితే గాయమని రాస్తారు గదా, అట్లా దీన్నీ గాయమని రాయాలి. రాయనంత కాలం దాని ఖర్చు మేమే కడుతుంటాం.

మేము అంటే ఎవరో చెప్పాలి. దేవరకొండ, అచ్చంపేట, నారాయణఖేడ్ తండాల నుంచి బస్సెక్కి వచ్చిన లంబాడోళ్ళం. బుట్టలల్లే పని పోయి తట్టలు మోసే పనికి దిగిన ఎరుకలోళ్ళం. ఏటా చలికాలం మొదట్లో బలంగీర్, నువాపడ, కలహండి జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు వచ్చి, వానలకు ముందు వెళ్ళిపోయే ఒడిశా ఆదివాసులు కూడా మావాళ్ళే. మా భాషలు వేరు. పొద్దున లేవగానే చెయ్యి పోయే చోటు మాత్రం అందరికీ నడుమే.

ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు. ఇప్పుడు ఆ పందిళ్ళున్న నేలలో వెంచర్లు, గోడౌన్లు, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలు. ఇటు నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి, అటు కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. ఇంత కట్టుబడి జరిగిన చోట ఎంత ఇనుము పట్టిందో, ఎంత సిమెంటు పట్టిందో కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది. ఎన్ని నడుములు పట్టాయో ఎవరూ లెక్క రాయలేదు. ఊరు మున్సిపాలిటీలో కలిసిన చోట ఉపాధి హామీ పని కూడా పోయింది. ఇక మిగిలింది పొద్దున్నే అడ్డా మీద నిలబడడం. అడ్డా మీద మేస్త్రీ ముఖం చూడడు. నిలబడిన తీరు చూస్తాడు. నడుం మీద చెయ్యి పెట్టుకున్న మనిషిని వదిలేసి పక్క మనిషిని పిలుస్తాడు. అందుకే మా వాళ్ళు నొప్పి దాచుకుని నిటారుగా నిలబడడం నేర్చుకున్నారు.

మేము మొదట కొట్లాడాల్సింది ఒక పొగడ్తతో. "మీరు గట్టోళ్ళు. అడవిల పుట్టినోళ్ళు. మీ నడుములు మాకెక్కడివి?" ఈ మాట మేస్త్రీ అంటాడు, కాంట్రాక్టరు అంటాడు, ఇల్లు కట్టించుకునే సారు కూడా మెచ్చుకోలుగానే అంటాడు. మెచ్చుకుంటూనే ఇంకో నాలుగు పారల మాలు తట్టలో వేయిస్తాడు. మనిషి నడుములో అయిదు వెన్నుపూసలుంటాయి. వాటి మధ్య మెత్తని బిళ్ళలుంటాయి. చుట్టూ కండరాలుంటాయి. మా పిల్లలకు సైన్సు పాఠంలో చూపించే అస్థిపంజరం బొమ్మ ఒక్కటే. అందులో గిరిజనుల వెన్నుపూస అని వేరే బొమ్మ లేదు. మాకున్నది నేర్పు. తల మీద బరువు పెట్టుకుని మెడ కదలకుండా, అడుగు తడబడకుండా నడవడం చిన్నప్పుడే నేర్చుకుంటాం. ఆ నేర్పును చూసి ఎముకలే వేరనుకోవడం వాళ్ళకు లాభం. ఎముకలు వేరైతే కూలి పెంచనక్కర లేదు, బరువు తగ్గించనక్కర లేదు.

తల మీద బరువు కన్నా నడుమును చెడగొట్టేది వంగి ఎత్తడం. గడ్డపారతో బండను లేపడం తెలిసిన ప్రతివాడికీ ఇది అర్థమవుతుంది. గడ్డపార పొడుగ్గా ఉంటే చిన్న బలంతో పెద్ద బండ లేస్తుంది. వంగి, చేతులు చాచి, దూరంగా ఉన్న బరువును ఎత్తినప్పుడు ఆ లెక్క తిరగబడుతుంది. మన ఒళ్ళే గడ్డపార అవుతుంది. చేతిలో ఉన్న బరువు చిన్నదే అయినా, దాన్ని నిలపడానికి నడుం కండరాలు దానికి ఎన్నో రెట్ల బలంతో లాగాలి. ఆ లాగుడంతా కింది పూసల మధ్య బిళ్ళల మీద పడుతుంది. దాంతోపాటు నడుము తిప్పితే ఇంకా చెడ్డది. మాలు పారతో ఎత్తి పక్కకు తిప్పి తట్టలో వేసేవాడు పొద్దంతా చేసేది సరిగ్గా అదే. బట్టీ దగ్గర మట్టి ముద్దను అచ్చులో కొట్టే మనిషి గొంతుక్కూర్చుని, ముందుకు వంగి, లేచి, ఇటుక దించి, మళ్ళీ కూర్చుంటాడు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. వెయ్యి ఇటుకలంటే వెయ్యిసార్లు వంగడం.

చట్టం ఏమంటుందో చూద్దాం. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. దాని కింద 1998లో కేంద్రం నియమాలు చేసింది. ఒక మనిషి ఇంకొకరి సాయం లేకుండా ఎత్తగల బరువు మగవాళ్ళకు 55 కిలోలు, ఆడవాళ్ళకు 30 కిలోలు మించరాదని అందులో రాశారు. సిమెంటు సంచి 50 కిలోలు. అంటే మగమనిషి రోజంతా సిమెంటు సంచులు మోసినా నియమం తప్పినట్టు కాదు.

మా బడి పక్కనే ఒక కట్టుబడి జరుగుతున్నప్పుడు, మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాటా మీద మాలు నింపిన తట్టను పెట్టి చూశాం. 22 కిలోలు తూగింది. ముప్పైకి లోపలే ఉంది. చట్టం ప్రకారం అంతా సక్రమం. సరే, ఆమె రోజుకు రెండు వందల తట్టలు మోసిందనుకుందాం. స్లాబు పడే రోజు అది పెద్ద లెక్క కాదు. 22ను 200తో గుణిస్తే 4,400. ఒక ఆడమనిషి తల మీదుగా ఒక్క రోజులో నాలుగు టన్నుల పైచిలుకు పోయింది. అయిదో తరగతి పిల్ల చేసే గుణకారం ఇది. నియమం రాసినవాళ్ళు ఒక్కసారి ఎత్తే బరువును లెక్కపెట్టారు. నడుము మాత్రం పొద్దటి నుంచి రాత్రి దాకా లెక్కపెట్టుకుంటుంది.

ఈ లెక్క వేరే చోట్ల వేశారు. అమెరికాలో పని చోటు ఆరోగ్యాన్ని చూసే సంస్థ 1991లో సవరించిన పద్ధతి ఒకటుంది. అది 23 కిలోల దగ్గర మొదలవుతుంది. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంది, ఎంత కింది నుంచి ఎత్తాలి, నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తాలి, నడుము ఎంత తిప్పాలి అని చూస్తూ, ఒక్కోదానికీ ఆ 23ను తగ్గించుకుంటూ పోతుంది. ఐరోపాలో 25 కిలోల సిమెంటు సంచి మామూలు సంగతి. అక్కడి నడుములు మెత్తనివని కాదు. అక్కడ కార్మికుల సంఘాలు కొట్లాడాయి, ప్రభుత్వాలు విన్నాయి.

మన దగ్గర కూడా బరువు గురించి ఆలోచన లేకపోలేదు. 2020లో కేంద్రం బడి సంచుల విధానం తెచ్చింది. సంచి బరువు పిల్ల ఒంటి బరువులో పదో వంతు మించరాదని చెప్పింది. మంచి మాట. మేము ఒప్పుకుంటాం, పాటిస్తాం. కానీ ముప్పై కిలోల పిల్ల వీపున మూడు కిలోలు దాటకూడదని చెప్పిన ప్రభుత్వమే, ఆ పిల్ల తల్లి నలభై అయిదు కిలోల ఒంటితో ముప్పై కిలోలు ఎత్తవచ్చని రాసిపెట్టింది. కూతురికి పదో వంతు, తల్లికి మూడింట రెండు వంతులు. ఆ తల్లి మోసి తెచ్చిన కూలితోనే ఆ సంచి కొన్నారు.

బట్టీ మనిషికి ఈ నియమం కూడా లేదు. ఇల్లు కట్టేవాళ్ళు నిర్మాణ కార్మికులు. ఆ ఇంటికి ఇటుక చేసేవాళ్ళు మామూలుగా ఆ చట్టం లెక్కలోకి రాలేదు. ఎండిన పచ్చి ఇటుక ఒక్కోటి మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తల మీద పలక పెట్టుకుని పది ఇటుకలు పేర్చుకుంటే ముప్పై కిలోలు. పది దగ్గర ఆగేవాళ్ళను మేము ఎక్కువమందిని చూడలేదు. అడ్వాన్సు తీరాలంటే ఆగడం కుదరదు. నడుం పట్టేసి మొగుడు పడుకుంటే పెళ్ళాం, పెద్దపిల్ల కలిసి ఆ లెక్క నింపుతారు. బడి హాజరు పట్టీలో ఆ రోజు ఆ పిల్ల పేరు ముందు సున్నా పడుతుంది. మేము బడి మానేసిన పిల్లల కోసం బట్టీకి పోతే, కారణం గుడిసెలో బోర్లా పడుకుని ఉంటుంది.

పరిహారం సంగతి ఇంకో కథ. 2025 దాకా అమలులో ఉన్న 1923 నాటి కార్మికుల పరిహార చట్టం చివర వృత్తి జబ్బుల పట్టిక ఉంది. సీసం విషం ఉంది, పాదరసం ఉంది, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకునే జబ్బు ఉంది, మోతకు చెవులు పోవడం ఉంది. అవన్నీ ఉండాల్సినవే. నడుము లేదు. 2025 దాకా అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో తెలియజేయాల్సిన జబ్బుల పట్టిక ఉంది. అందులోనూ నడుము లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన పట్టికలో ఎముకలు, కండరాల జబ్బులకు ఒక విభాగమే ఉంది. మన పట్టికలు అక్కడి దాకా పోలేదు. దాని ఫలితం ఇది: సారువ మీంచి పడి నడుము ఒక్క క్షణంలో విరిగితే అది ప్రమాదం, అడగడానికి ఒక దారి ఉంటుంది. అదే నడుము పదేళ్ళలో తట్ట తట్టకూ కొంచెం కొంచెంగా విరిగితే అది ఏమీ కాదు.

గాయం అని ఒప్పుకోనప్పుడు కారణం వేరే చోట వెతుకుతారు. ఇక్కడే మా ఆడవాళ్ళకు పెద్ద అన్యాయం జరుగుతున్నది. నడుం నొప్పి, తెల్లబట్ట అని చెప్పుకున్న ఆడమనిషికి స్కానింగు తీయించి, గర్భసంచి చెడిపోయింది, తీసేస్తే నొప్పి పోతుంది అని చెప్పే చోట్లు ఉన్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంతో పోలిస్తే రెండింతలకు పైన. మన ఆడవాళ్ళ గర్భసంచులే ఇంత ఎక్కువగా చెడిపోతున్నాయా? బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేని ఇట్లాంటి ఆపరేషన్ల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, కేంద్రం చేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని చెప్పింది.

గర్భసంచికి నిజంగా జబ్బు ఉంటే తీయాల్సిందే. ఆ మాట మేము కాదనం. కానీ తట్ట మోసిన నొప్పికి గర్భసంచి తీస్తే తట్ట ఎక్కడికీ పోదు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగిన ఒళ్ళు అవుతుంది, ఎముకల పట్టు తగ్గుతుంది. నొప్పి పోతుందని అప్పు చేసి ఆపరేషను చేయించుకున్న మనిషి, ఆ అప్పు తీర్చడానికి ముందుకన్నా బలహీనమైన ఎముకలతో మళ్ళీ తట్ట ఎత్తుతుంది.

మా తప్పులు కూడా చెప్పుకోవాలి. పిల్లల ఆపరేషను నాడు వెన్నులో వేసిన సూదితోనే నడుము పోయిందని మా ఆడవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చెబుతారు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉండవచ్చు. ఇరవై ఏళ్ళ నొప్పి ఆ సూదిది కాదు. మనం సూదిని తిట్టుకుంటూ తట్టను వదిలేశాం. ఇంకా కొందరు నడుం మీద వాతలు పెట్టిస్తారు. మగవాళ్ళు రాత్రి నొప్పిని సారాలో ముంచుతారు, పొద్దున అది మళ్ళీ తేలుతుంది. రెండు సంచులు ఒకేసారి ఎత్తినవాణ్ణి అడ్డా మీద మనమే మెచ్చుకుంటాం. ఆ మెప్పు మేస్త్రీకి కొలత అవుతుంది. ఆలుమగలు ఇద్దరూ ఒకే పనికి పోయి వస్తారు. వచ్చాక మగాడు మంచం మీద వాలితే, ఆడది నీళ్ళ బిందె ఎత్తుతుంది, వంగి ఊడుస్తుంది, కూర్చుని రొట్టెలు కాలుస్తుంది. ఆమె నడుముకు రెండో షిఫ్టు వేసింది కాంట్రాక్టరు కాదు, మనమే.

సూదుల సంగతి మరీ ముఖ్యం. గల్లీలో ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది వేయించుకుంటే రెండు రోజులు హాయి. అందుకే పోతాం. ఆ సూదిలో ఏముందో అడగం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ పదే పదే ఎక్కితే ఎముకలే పలచబడతాయి. నొప్పి తెలియకుండా చేసుకుని అదే బరువు ఎత్తడం, జ్వరం చూపించే కాటా పగలగొట్టి జ్వరం పోయిందనుకోవడం లాంటిది.

"నడుం నొప్పి మీకే ఉందా? కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకు లేదా?" అని అడిగేవాళ్ళున్నారు. ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉంది. మనిషిని పనికి రాకుండా చేసే బాధల్లో అదే మొదటిది. కొంపల్లి అపార్టుమెంటులో కూర్చున్న సాఫ్ట్‌వేర్ పిల్లవాడి నొప్పి నిజమైన నొప్పే. మేము దాన్ని తక్కువ చేయం. అతనికి కుర్చీ మారుస్తారు, ఇంటి నుంచి పని చేయమంటారు, సెలవులో జీతం పడుతుంది. బడిలో గంటల తరబడి నిలబడి నడుం పట్టేస్తే టీచర్లమైన మాకూ సెలవు చీటీ ఉంది, జీతం ఆగదు. మా తమ్ముడికి, మా వదినకు అది లేదు. ఒకే ఇంట్లో ఒకే నొప్పికి రెండు న్యాయాలు చూస్తున్నాం కాబట్టే ఈ మాట గట్టిగా అంటున్నాం.

ఆ చీటీ వైద్యంగా కూడా పాతబడిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం చేయించమంది, నొప్పి గురించి మనిషికి అర్థమయ్యేట్టు చెప్పమంది. నడుం బెల్టులు మామూలుగా ఇవ్వవద్దంది. వారాల తరబడి మంచం మీద పడుకోవడం మేలు చేయదని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పడుకున్న కొద్దీ కండరాలు వదులవుతాయి. మెల్లగా నడవాలి, ఒళ్ళు కదపాలి, నొప్పి తగ్గేకొద్దీ పని పెంచుకోవాలి. కానీ "మెల్లగా పెంచుకోవడం" అడ్డా మీద ఎక్కడ దొరుకుతుంది? అక్కడ ఉన్నది రెండే: పూర్తి పని, లేకపోతే పని లేదు.

చట్టం మారేదాకా మన నడుములను మనమే చూసుకోవాలి గనుక కొన్ని మాటలు ఇంట్లో, పనిలో చెప్పుకుందాం. బరువును ఒంటికి దగ్గరగా పట్టి, మోకాళ్ళు వంచి లేపాలి. కాళ్ళు కదిపి తిరగాలి, నడుము తిప్పకూడదు. సిమెంటు సంచిని ఇద్దరు పట్టాలి. తట్టను నేల మీంచి కాకుండా మోకాలి ఎత్తు పలక మీంచి ఎత్తేట్టు పెట్టించుకోవాలి. దానికి నాలుగు ఇటుకలు, ఒక చెక్క చాలు. పార పట్టినవాళ్ళు, తట్ట మోసేవాళ్ళు గంట గంటకూ పని మార్చుకోవాలి. గొంతుక్కూర్చుని చేసే పనిలో మధ్య మధ్య లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగాలి. మేస్త్రీ చూస్తే చూడనివ్వండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. కాళ్ళలో బలం తగ్గడం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం, దొడ్డి పట్టు తప్పడం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పితోపాటు జ్వరం, ఒళ్ళు చిక్కడం ఉంటే అది వెన్నుపూసకు పట్టిన టీబీ కావచ్చు. మన వాళ్ళలో దాన్ని నెలల తరబడి నడుం నొప్పి అనుకుంటారు. టీబీ మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది, సమయానికి వాడితే నయమవుతుంది. గర్భసంచి తీయాలని ఎవరైనా చెబితే, సర్కారు ఆసుపత్రిలో ఇంకో డాక్టరును అడగకుండా ఒప్పుకోకూడదు.

ఇవి మనం చేసుకునేవి. వీటితోనే సరిపోతుందంటే మళ్ళీ మొదటి చీటీ దగ్గరికే వస్తాం. మోకాళ్ళు వంచి ఎత్తినా రెండు వందల తట్టలు రెండు వందలే. ఎన్నికలప్పుడు మా దగ్గరికి వచ్చినవాళ్ళు మైకు పట్టుకుని అభివృద్ధికి నడుం బిగించండి అంటారు. మేము చుట్టబట్ట తల మీద పెట్టిన నాడే నడుం బిగించాం. విప్పుకునే వేళ ఎప్పుడో చెప్పండి.

ఆ సాయంత్రం ఆమె అడిగిన ప్రశ్నకు మాకు వెంటనే జవాబు తోచలేదు. చీటీ మడిచి ఇచ్చేశాం. ఆమె మళ్ళీ కొంగున కట్టుకుంది. మరునాడు పొద్దున అడ్డా మీద నిటారుగా నిలబడి కనిపించింది. అప్పటి నుంచి ఆలోచించి, పదిమందిని అడిగి, ఇప్పుడు జవాబు చెబుతున్నాం. చీటీ రాసేవాళ్ళకు, చట్టం రాసేవాళ్ళకు కూడా ఇదే జవాబు.

చీటీ మీద రోగి చేసే పని ఏమిటో అడిగి రాయండి. తట్ట మోసే పని అని, ఇటుక కొట్టే పని అని ఆ కాగితం మీద పడితేనే రేపు ఎవరైనా లెక్కపెట్టగలరు. వృత్తి జబ్బుల పట్టికలో నడుమును చేర్చండి. సిమెంటు సంచిని 25 కిలోలకు దించండి. ఒక్కసారి ఎత్తే బరువుకే కాదు, రోజు మొత్తం మోసే బరువుకు కూడా హద్దు గీయండి. ఒక అంతస్తు దాటిన కట్టుబడికి తట్టలు పైకి చేర్చే యంత్రం తప్పనిసరి చేయండి. బట్టీ మనిషిని కూడా కార్మికుల లెక్కలో రాయండి. మేడ్చల్, శామీర్‌పేట సర్కారు దవాఖానాల్లో కూలి పనోళ్ళు వచ్చే వేళకు, అంటే సాయంత్రం పూట, ఫిజియోథెరపీ నేర్పే మనిషిని కూర్చోబెట్టండి. కట్టుబడి ఖర్చు మీద నూటికి ఒక రూపాయి సెస్సు మా సంక్షేమం పేరుతోనే వసూలు చేస్తున్నారు. నడుం పట్టేసిన మూడు వారాలకు ఆ డబ్బులోంచి కూలి ఇవ్వండి.

బరువులెత్తవద్దని రాసే చేత్తోనే, ఎత్తకుండా ఉన్న రోజులకు కూలి ఎవరిస్తారో కూడా రాయండి. అట్లా రాసిన చీటీని మేము ఆమెకు చదివి వినిపిస్తాం.